కెరటాల చదువరి

పాఠ్యభాగ పరిచయం

ఒక వ్యక్తి జీవితాన్ని, ఆ జీవితాన్ని తీర్చిదిద్దిన దేశకాల పరిస్థితులను క్రమబద్ధంగా వివరించే రచన జీవిత చరిత్ర. ప్రస్తుత పాఠ్యభాగం పసిఫిక్ మహాసముద్ర మధ్యంలోని హవాయి దీవులకు చెందిన ప్రఖ్యాత ఈతగాడు, అలలపై స్వారీలో మేటి అయిన డ్యూక్ కహనమోకు జీవిత చరిత్ర. ప్రకృతిని నిశితంగా పరిశీలించడం, ఓర్పుతో అదను కోసం నిరీక్షించడం, నేర్చిన విద్యను పరుల ప్రాణరక్షణకు వినియోగించడం ఎంతటి ఉన్నత గుణాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మహాకావ్యానికి ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో సముద్ర వర్ణన ఒకటి. మన కవులు సముద్రాన్ని రత్నాకరమన్నారు. గాంభీర్యానికి ఉపమానం చేశారు. చెలియలికట్ట దాటని మర్యాదకు ఆదర్శంగా నిలిపారు. ఒడ్డున నిలిచి చూసేవారికి సముద్రం వర్ణనీయమైన వస్తువు. దాని మీద బ్రతికేవారికి మాత్రం అది అనుదినం చదువుకోవలసిన గ్రంథం. ఏ కెరటం ఎటు నుండి వస్తుంది, ఎక్కడ విరుగుతుంది, ఏది మనిషిని మోస్తుంది, ఏది ముంచుతుంది అన్నవి వారికి జీవన్మరణ సమస్యలు. ఆ గ్రంథాన్ని బాల్యం నుండే పఠించి, తన జాతి దాదాపు మరచిపోయిన విద్యను లోకానికి తిరిగి అందించిన వ్యక్తి డ్యూక్ కహనమోకు.

ఆయన 1890 ఆగస్టు 24న హవాయి రాజ్యపు రాజధాని హొనొలులులో జన్మించారు. తండ్రి డ్యూక్ హలపు కహనమోకు పోలీసు శాఖలో పనిచేసేవారు. తల్లి జూలియా దైవభక్తి గల ఇల్లాలు. వారి తొమ్మిదిమంది సంతానంలో ఈయన జ్యేష్ఠుడు. డ్యూక్ అనేది ఆయనకు లభించిన బిరుదు కాదు. 1869లో ఎడిన్‌బరో డ్యూక్ అయిన ఆంగ్ల రాకుమారుడు ఆల్ఫ్రెడ్ హవాయిని సందర్శించాడు. ఆ రాకుమారుని గుర్తుగా తండ్రికి ఆ పేరు పెట్టారు. తండ్రి నుండి అది పెద్దకుమారునికి సంక్రమించింది.

డ్యూక్‌కు మూడేళ్ళ వయస్సు రాకముందే, 1893 జనవరిలో, హవాయి రాణి లిలియుఒకలాని పదవీచ్యుతురాలైంది. 1898లో ఆ దీవులు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విలీనమయ్యాయి. రాజ్యంతోపాటు ఆ జాతి కళలు కూడా అంతకు ముందే క్షీణించాయి. అలలపై పలకతో స్వారీ చేయడం హవాయి ప్రజలకు అనాదిగా వస్తున్న విద్య. రాజులు, నాయకులు 'ఓలో' అనే పొడవైన పలకల మీద, సామాన్యులు 'అలాయా' అనే చిన్న పలకల మీద స్వారీ చేసేవారు. 18వ శతాబ్ది చివర విదేశీ నౌకలతోపాటు వచ్చిన అంటువ్యాధులు స్థానిక ప్రజలను పెద్ద సంఖ్యలో బలిగొన్నాయి. 1820 నుండి వచ్చిన మతప్రచారకులకు ఈ క్రీడ వ్యర్థ కాలక్షేపంగా కనిపించింది. 19వ శతాబ్ది ముగిసేనాటికి ఈ విద్య తెలిసినవారు కొద్దిమంది మాత్రమే మిగిలారు.

ఆ కొద్దిమందికి నిలయమైన చోట్లలో వైకీకీ తీరం ముఖ్యమైనది. 1893లో కహనమోకు కుటుంబం ఆ తీరం అంచున ఉన్న కాలియా అనే చోటికి తరలివచ్చింది. తల్లివైపు బంధువులు అక్కడే నివసించేవారు. డ్యూక్ బడిలో చేరారు గాని, కుటుంబ పోషణకు చేయూతనివ్వవలసి రావడంతో ఉన్నత పాఠశాల చదువు పూర్తి కాలేదు. పాఠశాలలో ఆగిన చదువు సముద్రంలో కొనసాగింది.

ఆయన చదివిన ఆ గ్రంథం స్వరూపాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. వైకీకీ ఓవహు దీవికి దక్షిణ తీరంలో, కర్కటరేఖకు కొద్దిగా దిగువన ఉంది. ఆ పేరుకు ఉబికే నీరు అని అర్థం. ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో కొన్ని వందల మీటర్ల మేర పగడపు దిబ్బలు వ్యాపించి ఉన్నాయి. పగడపు జీవులు మంచినీటిలో మనలేవు. అందువల్ల పూర్వం కొండలలో పుట్టిన వాగులు వచ్చి కలిసినచోట దిబ్బలలో సందులు ఏర్పడ్డాయి. లోతు తక్కువైన దిబ్బ మీద కెరటం విరుగుతుంది. లోతు ఎక్కువైన సందులో విరగకుండా సాగిపోతుంది. తెలిసినవాడు సందు గుండా వెలుపలికి వెళ్ళి, దిబ్బ మీది కెరటాన్ని ఎక్కి తిరిగి వస్తాడు. తెలియనివాడు విరిగే కెరటాలకు ఎదురీది అలసిపోతాడు, లేదా కత్తుల వంటి పగడాల మీద పడి గాయపడతాడు.

వైకీకీలో పెద్ద కెరటాలు ముఖ్యంగా మే నుండి సెప్టెంబరు వరకు వస్తాయి. అవి అక్కడి గాలికి పుట్టినవి కావు. ఆ నెలలలో భూమధ్యరేఖకు దక్షిణాన శీతకాలం. న్యూజిలాండ్ పరిసరాలలోను, ఇంకా దక్షిణంగాను బలమైన తుపానులు చెలరేగుతాయి. గాలి ఎంత వేగంతో, ఎంతసేపు, ఎంత విశాలమైన నీటిపై వీచిందన్న మూడు అంశాలను బట్టి అక్కడ కెరటాల బలం నిర్ణయమవుతుంది. తుపాను ప్రాంతాన్ని విడిచి బయలుదేరిన కెరటాలు క్రమంగా నునుపుదేరి, బారులు తీరి, వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. ఇలా దూరం నుండి వచ్చే కెరటాలను ఆంగ్లంలో స్వెల్ అంటారు.

ఒక కెరటానికీ మరొక కెరటానికీ మధ్య గడిచే కాలాన్ని ఆవర్తన కాలం అంటారు. అది ఎంత ఎక్కువైతే కెరటాల గుంపు అంత వేగంగా సాగుతుంది. ఇరవై సెకండ్ల ఆవర్తన కాలం గల గుంపు గంటకు సుమారు 56 కిలోమీటర్లు, పద్నాలుగు సెకండ్ల గుంపు సుమారు 39 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఏడువేల కిలోమీటర్ల దూరాన్ని మొదటిది దాదాపు ఐదు రోజులలో దాటితే, రెండవదానికి ఏడు రోజులకు పైగా పడుతుంది. అందుచేత తుపాను వార్తను మోసుకొని ముందుగా తీరం చేరేవి దీర్ఘమైన కెరటాలు. అవి మొదట ఎత్తు తక్కువగా, చాలా ఎడంగా వస్తాయి. సముద్రం ప్రశాంతంగా ఉన్నదని భ్రమ కలిగిస్తాయి. చాలాసేపటి విరామం తరువాత నాలుగైదు కెరటాలు వరుసగా లేచి, మళ్ళీ సద్దుమణుగుతాయి. ఆ విరామాన్ని చూసి అజాగ్రత్తగా దిగినవారే ప్రమాదానికి గురవుతారు.

లోతైన నీటిలో సాగినంతవరకు ఈ కెరటాలు చూపులకు ఆనవు. నీటి లోతు తరంగదైర్ఘ్యంలో సగానికి తగ్గినచోట కెరటానికి అడుగు తగలడం మొదలవుతుంది. అక్కడి నుండి దాని వేగం తగ్గుతుంది, తీరం దగ్గరపడేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. లోతు కెరటపు ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు చేరినప్పుడు శిఖరం ముందుకు ఒరిగి విరుగుతుంది. దిబ్బ నిటారుగా లేస్తే కెరటం ఒక్కసారిగా ఎగిసి కూలుతుంది. వైకీకీలో వలె దిబ్బ వెడల్పుగా, మెల్లగా ఎత్తు పెరిగితే కెరటం కూడా మెల్లగా విరుగుతూ మనిషిని చాలా దూరం మోస్తుంది. ఈశాన్యం నుండి వీచే వ్యాపార పవనాలు వైకీకీలో నేల మీదుగా సముద్రం వైపు సాగుతాయి. అవి కెరటపు ముఖాన్ని నిలిపి ఉంచి, తొందరగా కూలిపోకుండా చూస్తాయి. దక్షిణం నుండి వీచే కోనా గాలులు అదే కెరటాన్ని చిందరవందర చేస్తాయి. ఆటు సమయంలో పగడాలు ఉపరితలానికి దగ్గరై అపాయకరమవుతాయి. పోటు సమయంలో చిన్న కెరటాలు విరగకుండానే దిబ్బను దాటిపోతాయి.

ఈ లెక్కలు డ్యూక్ బాల్యంలో ఎవరూ కాగితం మీద చూపలేదు. రేపటి అలను ముందుగా చెప్పే యంత్రాలు లేవు. తండ్రి, బంధువులు నేర్పిన ఈత, పెద్దల అనుభవం, నిత్య పరిశీలన ఇవే ఆయనకు ఆధారాలు. క్షితిజం మీద నల్లని గీత లేచిందంటే కెరటాల వరుస వస్తున్నదని అర్థం. తీరంలోని చెట్టును, దాని వెనుక కొండను ఒకే వరుసలో చూసుకొని తమ స్థానాన్ని నిలుపుకోవడం సర్ఫర్ల పాత పద్ధతి. మొదటి కెరటాన్ని వదిలి తరువాతి దానికి నిరీక్షించడం ఆ విద్యలో అసలు రహస్యం. తొందరపడవద్దని, అలలు వస్తూనే ఉంటాయని డ్యూక్ పిన్నలకు బోధించేవారు. ఈ నిరీక్షణ సోమరితనం కాదు. శరీరం నిశ్చలంగా ఉండి, దృష్టి నిరంతరం మేలుకొని ఉండే స్థితి అది.

డ్యూక్, ఆయన మిత్రులు కలిసి హుయ్ నాలు అనే సంఘాన్ని నెలకొల్పారు. అలల సంఘం అని దాని అర్థం. 1911 ఆగస్టు 11న హొనొలులు ఓడరేవులో జరిగిన ఈత పోటీలలో ఆయన వంద గజాల దూరాన్ని 55.4 సెకండ్లలో ఈదారు. అప్పటి ప్రపంచ రికార్డు కంటే ఇది 4.6 సెకండ్లు తక్కువ. అమెరికా ప్రధాన భూభాగంలోని క్రీడాధికారులు ఈ వార్తను నమ్మలేదు. గడియారాలు సరిగా లేవని, ప్రవాహం తోడ్పడిందని శంకించి, ఆ రికార్డును గుర్తించ నిరాకరించారు. డ్యూక్ వాదానికి దిగలేదు. సమాధానం నీటిలోనే ఇచ్చారు. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో వంద మీటర్ల ఈతలో స్వర్ణ పతకం, రిలే పందెంలో రజత పతకం సాధించారు.

విజయం ఆయనకు దేశదేశాల ద్వారాలు తెరిచింది. 1914 చివర ఈత ప్రదర్శనల కోసం ఆయన ఆస్ట్రేలియా వెళ్ళారు. ఆ దేశంలో దేహంతో అలలపై జారడం తెలిసినవారు చాలామంది ఉన్నా, పలక మీద నిలబడి స్వారీ చేయడం అరుదు. డ్యూక్ అక్కడే దొరికిన కలపతో స్వయంగా పలక చెక్కి, 1914 డిసెంబరు 24న సిడ్నీ సమీపంలోని ఫ్రెష్‌వాటర్ తీరంలో ప్రదర్శన ఇచ్చారు. ఆ పలకను ఆ తీరంలోని ప్రాణరక్షక సంఘం నేటికీ భద్రపరచింది. 1915లో ఆయన న్యూజిలాండ్‌లోనూ ఈ విద్యను ప్రదర్శించారు. ఒకనాడు వ్యర్థమని నిందకు గురైన క్రీడ ఈ విధంగా దేశాంతరాలలో వేళ్ళూనింది.

ఆయన జీవితంలో ప్రసిద్ధమైన స్వారీ 1917 నాటిదని చెబుతారు. ఆ రోజు దక్షిణం నుండి అసాధారణమైన కెరటాలు వైకీకీకి వచ్చాయి. అటువంటి రోజులలో లోపలి దిబ్బలు నురుగుతో నిండిపోగా, దూరాన ఉన్న వెలుపలి దిబ్బ మీద మాత్రమే స్వారీకి అనువైన కెరటం లేస్తుంది. హవాయి ప్రజలు కలెహుఅవెహె అని పిలిచే ఆ చోటుకు డ్యూక్ తన పలకతో చేరుకొని, ఒక మహాకెరటాన్ని అందుకున్నారు. ఒక దిబ్బ నుండి మరొక దిబ్బకు, అక్కడి నుండి ఇసుక తీరం వరకు మైలుకు పైగా ఆ ఒక్క కెరటం మీదనే సాగి వచ్చారు. ఆనాటి పలకలకు అడుగున దిశను నిలిపే రెక్క ఉండేది కాదు. పాదాల ఒత్తిడితో, దేహపు వాలుతో మాత్రమే వాటిని నడపాలి. తరువాతి కాలంలో ఆయన మక్కువతో వాడిన కోవా చెక్క పలక పొడవు 16 అడుగులు, బరువు 114 పౌండ్లు. అది ప్రాచీనుల ఓలో నమూనాలో చేసినది.

మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1916 ఒలింపిక్ క్రీడలు జరగలేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో డ్యూక్ తన ముప్పయ్యో పుట్టినరోజున వంద మీటర్ల పందెం గెలిచారు. అభ్యంతరం రావడంతో పందెం మళ్ళీ నిర్వహించగా అందులోనూ విజయం ఆయనదే. రిలేలో మరో స్వర్ణం లభించింది. 1924లో పారిస్‌లో యువకుడైన జానీ వైస్‌ముల్లర్ చేతిలో ఓడి రజతం అందుకున్నారు. కాంస్యం గెలిచినవాడు డ్యూక్ సోదరుడు శామ్యూల్. పరాజయాన్ని కూడా ఆయన ప్రసన్నంగా స్వీకరించారు.

పతకాల కంటే మిన్నయైన ఘట్టం ఆ మరుసటి సంవత్సరం జరిగింది. 1925 జూన్ 14న కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ ఓడరేవు ముఖద్వారం వద్ద సముద్రం అల్లకల్లోలంగా ఉంది. ఇరవైతొమ్మిది మందితో ఉన్న థెల్మా అనే చేపలవేట పడవ అక్కడ వరుసగా లేచిన కెరటాలలో చిక్కుకొని బోల్తాపడింది. తీరంలో ఉన్న డ్యూక్ క్షణం ఆలస్యం చేయక తన పలకతో నీటిలోకి దూకారు. ఒడ్డున నిలిచినవారికి ఆ సముద్రం యమపాశంలా తోచి ఉంటుంది. డ్యూక్ ఆ కెరటాల మధ్యనే దారి కనుగొని, మునుగుతున్నవారిని పలక మీదికి లాగి ఒడ్డుకు చేర్చి, తిరిగి వెళ్ళారు. ఆ విధంగా పలుమార్లు వెళ్ళి ఎనిమిది మందిని కాపాడారు. ఆయన సహచరులు మరి నలుగురిని రక్షించారు. పదిహేడు మంది ప్రాణాలు కోల్పోయారు. వినోద సాధనమైన సర్ఫ్ బోర్డు ప్రాణరక్షణ సాధనం కూడా కాగలదని ఆ దుర్ఘటన రుజువు చేసింది. అనంతరం అమెరికా తీర రక్షకులు దానిని వాడుకలోకి తెచ్చారు. వైకీకీ దిబ్బల మీద ఆటగా నేర్చిన చదువు అక్కడ ఎనిమిది కుటుంబాలలో దీపాలు నిలిపింది.

ఇంతటి ఖ్యాతి పొందినా డ్యూక్ జీవితం సుఖంగా సాగలేదు. ఔత్సాహిక క్రీడాకారులు ధనం స్వీకరించరాదన్న ఆనాటి నియమం వల్ల ఈత ఆయనకు జీవనోపాధి కాలేదు. హాలీవుడ్ చిత్రాలలో చిన్న పాత్రలు ధరించారు. పెట్రోలు బంకు నడిపారు. ప్రధాన భూభాగంలో శరీరవర్ణం కారణంగా అవమానాలు ఎదుర్కొన్నారు. 1930ల నుండి 1961 వరకు హొనొలులు షెరీఫ్‌గా ప్రజలు ఆయననే పదేపదే ఎన్నుకున్నారు. 1940లో నృత్య ఉపాధ్యాయురాలైన నాడీన్ అలెగ్జాండర్‌ను వివాహమాడారు. 1959లో హవాయి అమెరికాలో ఒక రాష్ట్రమైంది. జీవిత చరమాంకంలో ఆ రాష్ట్రానికి వచ్చే అతిథులను స్వాగతించే బాధ్యతను ఆయన నిర్వహించారు.

1968 జనవరి 22న, డెబ్బై ఏడేళ్ళ వయస్సులో, గుండెపోటుతో డ్యూక్ కహనమోకు మరణించారు. ఆయన చితాభస్మాన్ని వైకీకీ సముద్రంలో కలిపారు. 1990లో ఆ తీరంలో ఆయన కాంస్య విగ్రహం వెలసింది. చేతులు చాచి, వెనుక పలకతో, సముద్రానికి వీపు చేసి ఉన్న ఆ విగ్రహాన్ని చూసి కొందరు ఆక్షేపించారు. కెరటం తెలిసినవాడు సముద్రానికి వెన్ను చూపడన్నది వారి వాదన. ఆ ఆక్షేపణలోనే ఆయన విద్య పట్ల ఎంతటి గౌరవం ఉన్నదో గమనించవచ్చు.

డ్యూక్ కంటితో చదివిన విషయాలను శాస్త్రజ్ఞులు క్రమంగా లెక్కలలోకి తెచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వాల్టర్ మంక్, హెరాల్డ్ స్వెర్‌డ్రప్ కెరటాలను ముందుగా అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. 1963లో మంక్ బృందం న్యూజిలాండ్ నుండి అలాస్కా వరకు పసిఫిక్ పొడవునా పరికరాలు నిలిపి, దక్షిణ తుపానుల నుండి బయలుదేరిన కెరటాలను వెంబడించి కొలిచింది. నేడు ఉపగ్రహాలు, సముద్రంలో తేలే బోయలు, కంప్యూటర్లు కలిసి వారం ముందే అంచనాలు అందిస్తున్నాయి. డ్యూక్ ఆశించినట్లే సర్ఫింగ్ ఒలింపిక్ క్రీడలలో స్థానం పొందింది. 2021లో జపాన్‌లో తొలిసారి పోటీలు జరిగాయి. 2024 పారిస్ క్రీడలలో భాగంగా తహితి దీవిలోని తెఅహుపోఒ పగడపు దిబ్బపై పోటీలు నిర్వహించారు. అక్కడ కూడా నిర్వాహకులు కెరటాల అంచనాలు చూసుకొని, అనువైన రోజు కోసం వేచి ఉండవలసి వచ్చింది. యంత్రాలు కెరటం రాకను చెప్పగలిగాయి గాని, దానిని త్వరపెట్టలేకపోయాయి.

ఈ విజ్ఞానం మనకు దూరమైనది కాదు. దక్షిణ హిందూ మహాసముద్రంలోని తుపానుల కెరటాలు కూడా ఇదే విధంగా రోజుల తరబడి ప్రయాణించి, స్థానికంగా గాలి లేకపోయినా భారత తీరాన్ని తాకుతాయి. కేరళ మత్స్యకారులు వాటిని దొంగ సముద్రం అనే అర్థంలో కళ్ళక్కడల్ అంటారు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అటువంటి కెరటాల రాకను ముందుగా అంచనా వేసి మత్స్యకారులను హెచ్చరిస్తున్నది. సముద్రానికి దూరంగా, దక్కను పీఠభూమి మీద కూర్చున్నవారు కెరటాలను చదివి తీరవాసుల ప్రాణాలకు కాపు కాయడం విశేషం.

డ్యూక్ కహనమోకు గ్రంథాలు రచించిన పండితుడు కాడు, రాజ్యాలు గెలిచిన వీరుడు కాడు. సముద్రాన్ని జయించానని ఆయన ఏనాడూ భావించలేదు. దాని స్వభావాన్ని తెలుసుకొని, దానికి లోబడి, దానితో కలిసి సాగారు. పూర్వుల విద్యను దాచుకోక అడిగినవారికల్లా పంచారు. అవసరం వచ్చిన రోజున ఆ విద్యతోనే ప్రాణాలు నిలిపారు. తెలుసుకోవడం, వేచి ఉండడం, అదను వచ్చినప్పుడు వెనుకాడకపోవడం అనే మూడు గుణాలు ఒక్కచోట కూడినప్పుడు మనిషి ఎంతటి కెరటాన్నైనా దాటగలడని ఆయన జీవితం నిరూపిస్తున్నది.

ప్రశ్నలు

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. డ్యూక్ కహనమోకు జీవిత విశేషాలను వివరించండి.
2. దూరపు తుపానులో పుట్టిన కెరటం వైకీకీ దిబ్బపై విరిగే వరకు సాగే క్రమాన్ని తెలియజేయండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. హవాయిలో అలల స్వారీ క్షీణించడానికి కారణాలేమిటి?
2. థెల్మా పడవ ప్రమాదంలో డ్యూక్ చేసిన సాహసాన్ని వివరించండి.

ఇ. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. వైకీకీ అనే పేరుకు అర్థమేమిటి?
2. ఆవర్తన కాలం అంటే ఏమిటి?
3. 1912 ఒలింపిక్ క్రీడలలో డ్యూక్ సాధించిన పతకాలేవి?